నెమరు వేసిన పద్యం

నేరేడు చెట్టు కింద తాబేలు పంతులు అడవి జంతువులకు పద్యాలు చెప్పేవాడు. ముగ్గురేసి జట్టుగా కూడి ఒక పద్యం చదవాలి, దాన్ని తరగతి ముందు నిలబడి వివరించాలి. ఆ తర్వాత ప్రతివాడూ తాను చేసిందేమిటో, తనకు అర్థం కానిదేమిటో చెప్పాలి. అది పంతులు పెట్టిన కట్టుబాటు.

ఎద్దు, నక్క, చిలుక ఒక జట్టు. వాటికి 'ఎండిన ఏరు' అనే పద్యం వచ్చింది. ఎద్దు అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే దూడల తరగతిలో కూర్చోబెడతానని పంతులు ఖండితంగా చెప్పాడు. అందుకని అది పది రోజులు మేతతో పాటు పద్యాన్ని కూడా నెమరు వేసింది. చిలుక కంఠస్థం చేసింది. నక్క ఎండ కాచుకుంటూ పడుకుంది.

తరగతికి వెళ్లే దారిలో నక్క ఎద్దు పక్కన చేరింది.

"బావా, నీకు తెలిసిందంతా చెప్పు. నీది మొరటు గొంతు. నేను మాట్లాడతాను."

"మరి నేనేం చేయను?"

"నా వెనక నిలబడు. జట్టు నిండుగా కనబడుతుంది."

ఎద్దు తెలిసిందంతా చెప్పింది. "ఒక్కచోట మాత్రం నాకు..." అనబోతే, "చాల్లే బావా, ఆలస్యమవుతోంది" అని నక్క ముందుకు ఉరికింది.

చిలుక పద్యం చదివింది. నక్క తోక విదిలించి, "ఇది కరువు పద్యం కాదు, ఆశ పద్యం" అంటూ దంచేసింది. కుందేళ్లు చప్పట్లు కొట్టాయి. సొమ్మొకడిది, సోకొకడిది.

"ఇక ఎవరి మాట వారు చెప్పండి" అన్నాడు పంతులు.

నక్క ఎద్దు చెవిలో ఊదింది. "అన్నీ అర్థమయ్యాయని చెప్పు. లేకపోతే దూడల పక్కన కూర్చుంటావు. నీ ఇష్టం."

ముందు చిలుక లేచింది. "నేను చదివాను అయ్యవారూ. అర్థం నా పని కాదనుకున్నాను."

తరగతి గొల్లుమంది.

"అర్థం వెతికిందీ నేనే, వివరించిందీ నేనే" అంది నక్క. "నాకు అర్థం కాని ముక్క లేదు. ఎద్దు బావ మాకు నీడ ఇచ్చాడు."

ఎద్దు వంతు వచ్చింది. దూడలు కళ్ల ముందు గంతులేశాయి. అయినా అబద్ధం గొంతు దాటలేదు.

"అయ్యవారూ, పద్యంలో చీమ ఏటి మధ్యదాకా వెళ్లి ఎందుకు వెనక్కి తిరిగింది? నాలుగు రోజులు నమిలాను. మింగుడు పడలేదు."

పంతులు డొప్పలోంచి మెడ చాచాడు. "నక్కా, నీకు అన్నీ తెలుసన్నావుగా. చెప్పు."

'ఏ చీమ?' అనబోయి నక్క నాలుక కరుచుకుంది. "అదా... నీళ్లకు భయపడింది అయ్యవారూ."

"ఏరు ఎండిపోయింది కదా బావా?" అంది ఎద్దు అమాయకంగా.

"వేరే ప్రతిలో నీళ్లున్నాయి!"

"అయితే వెళ్లి ఆ ప్రతి పట్టుకురా" అన్నాడు పంతులు. "అది తెచ్చేదాకా ఈ చెట్టు కింద కాలు పెట్టకు. ఎద్దూ, ఆ చీమ సంగతి ముప్ఫై ఏళ్లుగా నాకూ అంతుపట్టలేదు. నువ్వు పై తరగతికి రా, ఇద్దరం కలిసి నములుదాం."

నక్క ఇప్పటికీ ఆ ప్రతి కోసం వెతుకుతూనే ఉంది.

నీతి: చదివినవాడికి సందేహం మిగులుతుంది, చదవనివాడికి ఉపన్యాసమే మిగులుతుంది.