సీమోను అయ్యగారి బియ్యపు బుట్ట

మన తాతల తాతలు కూడా పుట్టక ముందు మాట ఇది. ఏమర్రా, ఊఁ కొట్టండి మరి, లేకపోతే నాకు నిద్రొచ్చేస్తది.

ఒక మెట్ట ఊళ్ళో చిన్న చర్చి. దానికి సీమోను అయ్యగారని ఒక ముసలి పాస్టరు. ఆయనకి పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఆ ఊరి ఆడోళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడి పేరన పిడికెడు పక్కన తీసిపెట్టేవాళ్ళు. ఆదివారం చర్చిలో బుట్టలో పోసేవాళ్ళు. అయ్యగారికి అదే కూడు.

ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడు ఊరంతా ఆకలే. పిడికెళ్ళు చిన్నవైపోయాయి. ఆ కాస్త బియ్యం కూడా సోమవారానికల్లా బుట్టలో ఉండేది కాదు.

"సంతలో అమ్ముకుంటున్నాడు," అన్నాడు సంఘపెద్ద జకరయ్య. కడుపు కాలినోళ్ళు కదా, అందరూ నమ్మేశారు.

ఆదివారం జకరయ్య లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, బియ్యం ఏం చేశారు?"

"లేనోళ్ళకిచ్చాను నాయనా."

"ఎవరికి?"

"అది చెప్పను."

రెండో ఆదివారం అడిగాడు. అదే మాట. మూడో ఆదివారం అడిగాడు. అయ్యగారు గోడకి చేరగిలబడ్డారు. "మాటిచ్చాను నాయనా. ఇంక నన్ను అడక్కండి, ఓపిక లేదు."

"అయితే ఊళ్ళోంచి పో!" అన్నారు జనం. పాపం, ఒక్కరంటే ఒక్కరు అడ్డం రాలేదు. చేతికర్ర పట్టుకుని పోయారాయన.

మర్నాడు జకరయ్యకి పెళ్ళాం రూతమ్మ ఖాళీ కంచం పెట్టింది.

"కూడేదే?"

"తెచ్చిచ్చే ఆయన్ని నువ్వే తరిమేశావుగా."

"ఏందే నువ్వనేది?"

"మన కుండలో గింజ లేక ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు? పుట్టింటి బియ్యమని నీకు చెప్పా. నీ పరువు పోద్దని, ఎవరికీ చెప్పొద్దని ఆయన కాళ్ళు పట్టుకున్నా. నిన్న నోరు తెరవలేకపోయా. నాదీ పాపమే."

జకరయ్య పరిగెత్తాడు. పక్క ఊరి చావిట్లో పడుకుని ఉన్నారు అయ్యగారు.

"తప్పయిపోయింది, ఇంటికి పోదాం రండి," అని బావురుమన్నాడు.

"కోపం లేదయ్యా. అలిసిపోయాను, అంతే."

కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరవలేదు. జకరయ్య ఒక్కడే ఆయన్ని భుజాన వేసుకుని తెచ్చాడు. బరువేముందీ, అన్నీ ఎముకలే.

ఇప్పటికీ ఆ చర్చిలో బియ్యపు బుట్ట మీద గుడ్డ కప్పే ఉంటది. ఒక్కొక్కరే వచ్చి గుడ్డ కింద చెయ్యి పెడతారు. ఉన్నోళ్ళు పోస్తారు, లేనోళ్ళు తీసుకుంటారు. వచ్చేటప్పుడూ పిడికిలి మూసే ఉండాలి, పోయేటప్పుడూ మూసే ఉండాలి. ఎవడన్నా తొంగిచూశాడో, ముసలమ్మలు కసురుతారు:

"అయ్యగారే చెప్పలేదు, నీకెందుకురా?"