మూడు కొట్లలో నలభై ఉసిరికాయలు

అనగనగా ఒక అడవిలో, జంతువులన్నీ మోటారు సైకిళ్ళు కొనుక్కున్న రోజుల్లో, వెంకులు అనే ముంగిస, శిఖామణి అనే నెమలి ఉండేవి. బండి ముంగిసది. వెనక సీటు నెమలిది.

నెమలికి ఒకటే కష్టం. దాని తోక చాలా పొడుగు. బండి కదిలితే చాలు, వెనక చక్రం వైపు జారేది. మరిచిపోక ముందే చెబుతాను, మనుషుల బండ్లకు చీర చక్రంలో పడకుండా పక్కన ఒక జాలీ బిగిస్తారు, చూశారా? ఆ అడవిలో తోకలకు అలాంటి గార్డే ఉండేది, వెదురుతో చేసింది. ముంగిస బండికి అది లేదు.

తొలకరి నాడు కొండ మీది నల్లబండపై నెమళ్ళన్నీ ఆడతాయి. ఏడాదికి ఒక్కసారే. ఆ రోజు పొద్దున్నే పడమట మబ్బు కనిపించింది.

"బావా, ఇవాళే వాన. త్వరగా వెళ్ళి గార్డు తీసుకురా. తోక ఊడిపోతే ఆ బండ ఎక్కి ఏం చెయ్యను, కోడిలా గెంతనా?" అంది నెమలి.

"గంటలో వస్తాను. బేరమాడి మరీ తెస్తాను," అంది ముంగిస.

మొదట తొండ కొట్టుకు వెళ్ళింది.

"తోక గార్డు ఎంత మామా?"

"నలభై ఉసిరికాయలు," అంది తొండ, తల ఊపుతూ.

"ముప్ఫై చేసుకో."

తొండ ఇంకా తల ఊపుతూనే ఉంది. "తల ఊపాను కదా అని ఒప్పుకున్నాననుకోకు. ఇది నా అలవాటు. నలభయ్యే."

తరవాత ఎలుగుబంటి కొట్టుకు వెళ్ళింది. అక్కడా నలభయ్యే.

"తొండ మామ ముప్ఫైకి ఇస్తానన్నాడు అన్నా," అని ముంగిస అబద్ధమాడింది.

ఎలుగుబంటి ఆవులించి, "అయితే అక్కడే కొనుక్కో తమ్ముడూ," అంది.

ముంగిసకు పట్టుదల పెరిగింది. వాగు దాటి ముళ్ళపంది కొట్టుకు వెళ్ళింది. అప్పటికి మధ్యాహ్నమైంది.

"నలభై అబ్బాయ్," అంది ముళ్ళపంది. "బండి తెచ్చావు సరే, వెనక కూర్చునే తోక ఏదీ?"

"తోకెందుకు పిన్నీ? ధర సంగతి చెప్పు. అక్కడ రెండు కొట్లలోనూ ముప్ఫైకే ఇస్తున్నారు."

"ముప్ఫైకి ఇస్తుంటే నువ్వు వాగు దాటి నా దగ్గరికి వచ్చేవాడివా?"

ముంగిసకు ఉక్రోషం వచ్చింది. "మీరు ముగ్గురూ కూడబలుక్కున్నారు," అంది.

"అంత తీరిక మాకెక్కడిది? గార్డులు చేసేది కొండవతలి వడ్రంగిపిట్ట ఒక్కటే. మోసుకొచ్చేది అడవిదున్న ఒక్కటే. ముగ్గురికీ ఒకే రేటు. ఆ పైన మాకు మిగిలేది రెండు కాయలు. పోయిన ఏడాది గార్డు ధర నలభై ఒకటి ఉండేది. నేనే ఒక కాయ తగ్గించాను. నీలాంటివాడే ఒకడు పరుగెత్తుకెళ్ళి ఆ కబురు తొండకు చెప్పాడు, ఎలుగుకు చెప్పాడు. సాయంత్రానికి వాళ్ళూ తగ్గించారు. మళ్ళీ అందరిదీ ఒకే ధర. మేం మాట్లాడుకోనక్కర్లేదు నాయనా. కబురు మోసేది మీరే."

అయినా ముంగిస ఇంకో కొట్టు ఎక్కడైనా ఉంటుందేమో చూద్దామని బండెక్కబోయింది. అంతలో ఉరిమింది. పొద్దున గంటలో వస్తానన్న మాట గుర్తొచ్చింది. కాలు కింద పెట్టింది.

"పిన్నీ, ఇందాక తోక ఏదని ఎందుకడిగావు?"

"అన్ని తోకలూ ఒకే పొడుగుంటాయా? కొలవకుండా ఎలా బిగిస్తాను?"

ఆ మాట మిగతా రెండు కొట్లలో ఎవరూ అడగలేదు. గార్డు లేని బండి మీద నెమలిని తేలేదు కనక, ముంగిస బండి అక్కడే వదిలి పరుగెత్తింది. నెమలిని వెంటబెట్టుకుని వచ్చింది. ముళ్ళపంది తోక కొలిచింది. గార్డు ఒక జాన తక్కువైంది.

"ఉన్నది ఉన్నట్టు బిగిస్తే మొదటి మలుపులోనే తోక చక్రంలో పడేది," అంటూ రెండు వెదురు బద్దలు చీల్చింది. గార్డుకు జత చేసి కట్టి, బిగించి, పట్టుకుని ఊపి చూసింది.

"ఈ పనికి ఎంత ఇమ్మంటావు పిన్నీ?" అంది ముంగిస, భయపడుతూ.

"నలభయ్యే. వెళ్ళండి, తడుస్తారు."

వాళ్ళు కొండెక్కేసరికి వాన బాగా పడుతోంది. మిగతా నెమళ్ళు ఆడేసి దిగిపోతున్నాయి. శిఖామణి ఒక్కటే బండ ఎక్కింది. తోక విప్పింది. ఒక్క ఈక కూడా నలగలేదు. ఆలస్యంగా వచ్చినందుకు బండంతా దానిదే అయింది. దిగిపోతున్న నెమళ్ళు చెట్ల కింద ఆగి, వాన వెలిసేదాకా చూశాయి.

కింద ఒక ఉడుత ముంగిస బండి చుట్టూ తిరిగింది. "ఈ గార్డు ఎక్కడ తక్కువకు దొరుకుతుంది మామా?" అని అడిగింది.

"ఎక్కడైనా నలభయ్యే," అంది ముంగిస. "నువ్వు ముళ్ళపంది పిన్ని దగ్గరికే వెళ్ళు. నీ తోక కొలిచి మరీ బిగిస్తుంది."

నీతి: అన్నిచోట్లా ధర ఒకటే అయినప్పుడు, తక్కువ కోసం తిరిగి పొద్దు పోగొట్టుకోకూడదు, పని ఎవరు శ్రద్ధగా చేస్తారో చూసి కొనుక్కోవాలి.