కుమ్మరి వీధి బండికి ఆరు కుంచాలు

నీలికొండను ఏలే ముమ్మడిరాజుకు ఒకనాడు భోజనం మధ్యలో ఒక ఆలోచన పుట్టింది. ఆయనకు ఆలోచనలు ఎప్పుడూ అన్నం ముందరే పుడతాయి. వడ్డించేవాళ్లకు అదో బెడద.

"ఊళ్లో బండి ఉన్న ప్రతివాడూ ఏటా కాసిని వడ్లు మన గాదెలో పోయాలి. ఎవరి బండి విరిగినా ఆ వడ్లతోనే బాగుచేయిద్దాం. ఒకడికొచ్చిన కష్టాన్ని ఊరంతా తలా కాస్త మోస్తుంది. ఎలా ఉంది?"

"చాలా బాగుంది ప్రభూ. పెరుగు వెయ్యమంటారా?" అన్నాడు వంటవాడు.

ఎవరెంత పోయాలో తేల్చే పని కోశాధికారి శ్రీపతిరాయుడికి అప్పగించాడు రాజు. లెక్కల్లో తనను మించినవాడు పుట్టలేదని రాయుడి నమ్మకం. నెల తిరక్కుండానే జాబితా తెచ్చాడు. కోట వీధి బండికి అర కుంచం. కుమ్మరి వీధి బండికి ఆరు కుంచాలు. వడ్లు పోసిన బండి కాడి మీద రాజముద్ర వేస్తారు. ముద్ర లేని బండి ఊరి గుమ్మం దాటడానికి వీల్లేదు.

గడువు చివరి రోజు పొద్దున్నే కుమ్మరి వీధి పైడితల్లి కొలువుకొచ్చింది. కుండలు సంతకు తోలుకెళ్లి అమ్ముకుని ఇంట్లో నలుగురిని సాకుతున్న మనిషి ఆమె.

"దొరా! ఆరు కుంచాలు పోస్తే నా ఇంట్లో గింజ మిగల్దు. పొయ్యకపోతే బండి కదల్దు. పదకొండేళ్లబట్టి తోల్తన్నాను. ఎవర్నీ గుద్దలేదు, ఒక్క కుండ పగల్లేదు. మరి నాకెందుకింత?"

రాయుడు జాబితా విప్పాడు. "నిరుడు కుమ్మరి వీధిలో విరిగిన బండ్లు పద్నాలుగు. కోట వీధిలో ఒకే ఒక్కటి."

"విరగ్గొట్టింది కోట వీధి దొరలే కదయ్యగారూ! గుర్రాల్ని కడగడానికి ఏటికెళ్తా మా వీధి వాలులో రథాల పందేలేసుకుంటారు. విరిగేది మా బండ్లు, చెడ్డపేరు మా వీధికి!"

కొలువులో కొందరు పైకండువాలు సర్దుకున్నారు.

"ఇంత పట్నంలో బండి తోలే ఒక్కొక్కరి చెయ్యి ఎలాంటిదో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు రాయుడు. "వీధి కంటికి కనబడుతుంది, చెయ్యి కనబడదు. అందుకే వీధిని చూశాను."

రాజు మీసం గోక్కున్నాడు. "అతని మాటా కొట్టిపారెయ్యలేం పైడితల్లీ..."

రాజు పక్కన గవరయ్య నిలబడి ఉన్నాడు. కొలువులో చమత్కారి అని పేరేగానీ, తలుపు గడియ మూడుసార్లు తడిమి చూస్తేగానీ నిద్రపోని మనిషతను. పొద్దు గూకితే ఆ బండి మూలబడుతుంది. ఏం చెయ్యాలి? వంగి రాజు చెవిలో ఏదో ఊదాడు. రాజు కనుబొమలు పైకి లేచాయి.

"మధ్యాహ్నం తేలుద్దాం" అన్నాడు రాజు.

మధ్యాహ్నం కొలువు మధ్యలో పన్నెండు గాజు దీపాలు తళతళలాడుతున్నాయి. ఓడ వర్తకులు తెచ్చినవి. ఉల్లిపొరంత పల్చన.

"రాయుడూ, జాబితా రాసిన శ్రమకు ఇవి నీకే" అన్నాడు రాజు. "ఒక్కటే నియమం. పన్నెండూ ఏటి ఒడ్డున నీ కొత్త మేడకు చెక్కుచెదరకుండా చేరాలి. ఒక్కటి పగిలినా మిగతావి వెనక్కి వస్తాయి. ఏ బండిలో పంపుతావో నీ ఇష్టం."

రాయుడి ముఖం దీపాలకంటే ముందే వెలిగింది.

గవరయ్య వినయంగా జాబితా అందుకున్నాడు. "బండి నేను పిలుచుకొస్తాను రాయుడుగారూ. కోట వీధి కేశవరాజు రథం, అర కుంచం. పిలవనా?"

"వాడా! వాలు కనబడితే వాడికి పూనకం వస్తుంది. వద్దొద్దు."

"మేడవీధి వీర్రాజు బండి, ముప్పావు కుంచం."

"కల్లుపాక దగ్గర వాడి ఎద్దులు వాటంతటవే ఆగిపోతాయయ్యా! అంత అలవాటు!"

"పోనీ తమ రథమే గుమ్మంలో ఉందిగా? అదీ అర కుంచమే."

"మా సారథా? వాడి తోలుడుకి మొన్ననే నా దవడపన్ను ఊడింది!"

గవరయ్య వేలు జాబితా కిందికి జారింది. జాబితాలో పేర్లు అయిపోవస్తున్నాయి. తనే పైడితల్లి పేరెత్తితే రాయుడు పసిగడతాడు. "మరింకెవరున్నారండీ ఈ ఊళ్లో..." అని నీరసంగా ఆగాడు.

"ఎందుకు లేరయ్యా! ఆ కుండలావిడ లేదూ, పైడితల్లి! ఆవిడ బండిలో పచ్చిగుడ్లు పోసినా పిల్లలై దిగుతాయి. ఆవిణ్ణి..."

రాయుడు ఆగిపోయాడు. కొలువంతా అతని నోటికేసే చూస్తోంది.

"ఆవిడకి ఆరు కుంచాలు కదండీ" అన్నాడు గవరయ్య. "అంటే జాబితా ప్రకారం ఊళ్లోకెల్లా ప్రమాదమైన బండి."

రాయుడు జాబితా కోసం చెయ్యి చాచాడు.

గవరయ్య రాజువైపు తిరిగి చేతులు జోడించాడు.

"మహాప్రభూ! కోశాధికారిగారికి ఊళ్లో ప్రతి చెయ్యీ తెలుసు. వడ్లు అడిగేటప్పుడు మాత్రం వీధి చూస్తారు, గాజు పంపేటప్పుడు చెయ్యి చూస్తారు!"

ముందు రాజు నవ్వాడు. తరవాత కొలువు నవ్వింది. గుమ్మం దగ్గర పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ ఆ నవ్వు ఆగేది కాదు.

"పైడితల్లి బండికి అర కుంచం. ఇప్పుడే ముద్ర వెయ్యండి" అన్నాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ. "వాలులో పందేలేసే ప్రతి రథానికీ ఆరు. జాబితా మళ్లీ రాయండి, ఈసారి చేతులు చూసి. గవరయ్యా, ఇదిగో!" అని తన మెడలోని ముత్యాలదండ తీసి అతని మెడలో వేశాడు.

గవరయ్య దాని కొక్కెం సరిగా పడిందో లేదో రెండుసార్లు తడుముకున్నాడు.

"ప్రభూ," అన్నాడు రాయుడు సన్నగా, "మరి నా దీపాలు?"

"నీవేనయ్యా, పట్టుకెళ్లు. ఇచ్చిన మాట తప్పుతానా?" అన్నాడు రాజు. "కాకపోతే, నీ రథంలో!"