రాజుగారి పట్టుగొడుగు

వెనకటికి ఒక రాజుగారికి తన తెల్లటి పట్టుగొడుగంటే మహా గర్వం. "రాజ్యమంతా నా గొడుగు నీడనే ఉండగా జనానికి వేరే గొడుగులెందుకు?" అని ఊళ్ళోని తాటాకు గొడుగులన్నీ లాక్కొచ్చి కోట గుమ్మం పక్కన పోగేయించాడు.

నాట్ల రోజులొచ్చాయి. కుండపోత వాన. గొడుగులల్లే పోలమ్మ నలభైమంది కూలి ఆడవాళ్ళతో తడుస్తూ కోటకొచ్చింది.

"ఏమిటే ఈ గుంపు?" అన్నాడు రాజు.

"దండం పెట్టుకుందామని వచ్చాం దొరా. మీ గొడుగు నీడ మాకూ ఉందన్నారు, చాలా సంతోషం. ఇప్పుడు మడిలోకి దిగాలి. తమరు గొడుగుతో ముందు నడిస్తే, ఆ నీడన మేం నాట్లేసుకుంటాం."

రాజుకు పౌరుషం పొడుచుకొచ్చింది. గొడుగు పట్టించుకుని వానలోకి దిగాడు. ఊరేగింపులే తప్ప వాననెరగని పట్టుగుడ్డ పది అడుగుల్లోనే జల్లెడలా కారింది. కిరీటం మీంచి నీళ్ళు ధారగా ముక్కు మీదికొచ్చాయి.

పోలమ్మ గబగబా పోగులోంచి ఒక తాటాకు గొడుగు లాగి ఆయన నెత్తిన పట్టింది. చుక్క పడలేదు.

రాజు ముఖం తుడుచుకుని చేతులు జోడించాడు. "బతికించావమ్మా! ఏం కావాలో కోరుకో."

"వీళ్ళ గొడుగులు వీళ్ళకిప్పించండి బాబూ. ఇది నాదే, తమరుంచుకోండి. నేను ఇంకోటి అల్లుకుంటాను."