ఓడను లాగిన తిరగళ్ళు

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా నాలుగడుగులు అవతలే ఉండే రోజుల్లో, ఒక రేవులో పెంటమ్మ ఉండేది. కొబ్బరి పీచు నానబెట్టేది, దంచేది, తాళ్ళు పేనేది. ఆమె తాళ్ళతో మంచాలు అల్లుకునేవారు, నీళ్ళు తోడుకునేవారు, మేకల్ని కట్టుకునేవారు. నావకి మాత్రం ఎవరూ కట్టేవారు కాదు. పెంటమ్మకి ఒక్కడే కొడుకు, అసిరయ్య. వాడు నావ మీద తెడ్డేసేవాడు. వాడు వెళ్ళి మళ్ళీ కనబడేదాకా ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం తుపాను విరుచుకుపడింది. ఒడ్డున ఒకటే కేక: "ఓడ! ఓడ!"

దీపాల నూనె మోసే పెద్ద ఓడ అది. చుక్కాని విరిగింది, తెరచాప చిరిగింది, పక్క బీట తీసింది. గాలి దాన్ని నీళ్ళలో పొంచి ఉన్న సొరరాయి మీదకి తోస్తోంది. రాయికి తగిలితే ఓడ పగులుతుంది. పగిలితే అందులోవాళ్ళు మునిగిపోతారు. నూనె, ఏరు సముద్రంలో కలిసే మొగంతా పరుచుకుంటే చేపా మిగలదు, రొయ్యా మిగలదు.

"నావలు తొయ్యండ్రా! దాన్ని పక్కకి లాగి మొగలోకి తెద్దాం!" అని అరిచాడు కులపెద్ద పోలయ్య.

మూడు నావలు వెళ్ళాయి. ఓడకి దగ్గరి నావలో, తాడు కట్టే చోట, అసిరయ్య కూర్చున్నాడు.

మొదట చెయ్యంత లావు తాడు కట్టారు. అల లేచింది, ఓడ పైకెగిరింది, తాడు కర్రలా బిగిసింది. ఫట్! తెగింది.

రెండోసారి రెండు తాళ్ళు కలిపి కట్టారు. అల లేచింది, ఓడ పైకెగిరింది, తాడు కర్రలా బిగిసింది. ఫట్! తెగిన కొస కొరడాలా వచ్చి అసిరయ్య చెంప చీల్చింది.

నావలు ఇంకో తాడు కోసం ఒడ్డుకొచ్చాయి. కొడుకు చెంప మీది నెత్తురు పెంటమ్మ కొంగుతో అద్దింది. వెళ్ళొద్దందామంటే ఓడ మీంచి కేకలు వినబడుతున్నాయి. ఆ కేకలేసేవాళ్ళకీ తల్లులుంటారు.

"ఇంకా లావు తాడు తెండ్రా!" అన్నాడు పోలయ్య.

"లావుతో పనేటి పెద్దయ్యా? బిగిసిన తాడు తెగుతాది. ఒంగిన తాడు లాగుతాది," అంది పెంటమ్మ.

"మేకల తాళ్ళు పేనేదానివి, నాకు సెప్తావేటే?"

"మేక మాత్రం ఊరుకుంటాదేటి? గింజుకుంటాది. పొట్టి తాడయితే తెంపుకు పోతాది, పొడుగు తాడయితే మేసుకుంటాది."

అంత గాలిలోనూ నలుగురు నవ్వారు. పోలయ్య నవ్వలేదు. సొరరాయి వైపు చూశాడు. "కానియ్యి. బేగీ!" అన్నాడు.

పెంటమ్మ ముడి వెయ్యలేదు. తెగిన తాళ్ళ పేటలు విప్పి, తన పీచు తాడు పేటల్లో కలిపి పేనింది. తాడు పొడవు మూడింతలైంది. ఇంట్లోకి పరిగెత్తి తిరగలి పైరాయి దొర్లించుకొచ్చింది. దాని కంతలోంచి తాడు దూర్చి, సరిగ్గా నడుమ కట్టింది.

"తాడు ఒంగాలంటే ఒకటి సాలదు. మీవీ తెండే!" అంది ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో.

"ఓలమ్మ! మరి రేపు సోళ్ళెలాగ ఇసరాల?"

"మొగ సచ్చిపోతే ఇసరడానికేటుంటాదే?"

ఇంకో రెండు రాళ్ళు వచ్చాయి. మూడు రాళ్ళూ తాడు నడుమకే చేరాయి. అసిరయ్య చెంపకి గుడ్డ చుట్టుకుని మళ్ళీ నావెక్కాడు. పెంటమ్మ కళ్ళు మూసుకోలేదు.

అల లేచింది. ఓడ పైకెగిరింది. తాడు సాగింది, సాగింది... నీళ్ళలోంచి మూడు రాళ్ళూ పైకి లేచాయి!

"తెగలేదు!" అని ఒడ్డు అరిచింది.

అల దిగింది. రాళ్ళు మునిగాయి, తాడు ఒంగింది.

"లాగండ్రా!"

లేచాయి, మునిగాయి. లేచాయి, మునిగాయి. ఓడ ముక్కు తిరిగింది. సొరరాయిని జానెడు దూరంలో దాటింది. అంతే, ఓడ మొగలోకి జారింది! నూనె చుక్క ఒలకలేదు, మనిషి ఒక్కడూ పోలేదు.

జనం పెంటమ్మని ఎత్తుకోబోయారు. ఆమె వాళ్ళని తోసుకుంటూ నీళ్ళలోకి దిగి, కొడుకు గడ్డం పట్టుకుని చెంప అటూ ఇటూ తిప్పి చూసింది. "గంజి తాగుతావేట్రా?" అంది.

తర్వాత చాన్నాళ్ళు బతికింది, తాళ్ళు పేనుతూనే ఉంది, ఒకనాడు పోయింది. ఆ రేవులో ఇప్పటికీ అరిగిన తిరగలిని ఎవరూ పారెయ్యరు. తాడు కట్టి నావలో పెడతారు. సముద్రం ఎగిరిపడే రోజున నావ తోసేముందు ముందున్నవాడు వెనక్కి తిరిగి అడుగుతాడు:

"పెంటమ్మ ఎక్కిందా?"

బతికుండగా ఏ నావా ఎక్కని మనిషి. అయినా వెనకనుంచి అందరూ ఒక్క గొంతుతో అంటారు:

"ఎక్కింది! తొయ్యండి!"