ఒంటిమీసం రాజుగారి మచ్చుకాసు

గుమ్మడిపాలెంలో తెలివెక్కువ ఎవరింట్లో అంటే పోలయ్య ముందుగా చెయ్యెత్తేవాడు. ఎవరూ అడక్కపోయినా ఎత్తేవాడు. వానలో గొడుగు తడిసి పాడైపోతుందని, దాన్ని చంకలో దాచుకుని తాను తడుస్తూ ఇంటికొచ్చిన బుర్ర అది! తమ్ముడు గవరయ్య ఆ బుర్రని చూసి మురిసిపోయేవాడు. తల్లి అచ్చమ్మ ఇద్దరికీ వారంవారం దిష్టి తీసేది.

ఆ ఇంట్లో లోటల్లా ఒక్కటే. ఉన్న గేదె కాస్తా చచ్చిపోయినప్పట్నుంచి అచ్చమ్మ నోటికి గడ్డపెరుగు తగల్లేదు. ముసలిది ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని రెండు ముద్దలు మింగి లేచిపోతుంటే పోలయ్య చూడలేకపోయేవాడు. ఎలాగైనా అమ్మచేత పెరుగన్నం తినిపించాలి. అదే అతని బెంగ.

అలాంటి ఇంటికి ఒకనాడు నరహరి పంతులు వచ్చాడు. పాత నాణేలు పోగుచెయ్యడం ఆయనకి పిచ్చి. అచ్చమ్మ పెట్టె అడుగునుంచి మూడు రాగికాసులు తీసి చూపించగానే అరుగుమీద కూలబడ్డాడు.

"ఇవి మీకెక్కడివమ్మా?"

"మా ఆయన కంసాలి కొట్లో కొలిమితిత్తి ఊదేవాడు బాబూ. ఆ కంసాలి ఇచ్చాడు."

"ఇవి మచ్చుకాసులమ్మా! అప్పట్లో రాజావారు కొత్త డబ్బు పెడదామనుకుంటే కంసాలులు సొంత ఖర్చుతో కొట్టి చూపించారు. మచ్చు అంటే ముందు ఒకటి చేసి చూపించడం. నచ్చితే తర్వాత అసలువి బోలెడు వస్తాయి. మచ్చుని మాత్రం ఎవరూ వాడకూడదు."

"మరి అసలువి రాలేదేం?" అన్నాడు పోలయ్య.

"మీ కంసాలి రాజావారి బొమ్మకి మీసం ఒకవైపే చెక్కాడు. ఆయనకి ఒళ్ళు మండి కొత్త డబ్బే వద్దన్నారు. అందుకే ఇవి ఇంత అపురూపం! వచ్చే ఆదివారం పాడిగేదెను తోలుకొచ్చి ఇచ్చి, వీటిని తీసుకెళ్తాను. అందాకా వీటికి చెయ్యి తగలనివ్వకండి, గాలి తగలనివ్వకండి. ఈ నల్లటి పాతదనమే వీటి అందం. అది పోకూడదు."

గేదె అనగానే అచ్చమ్మ గిన్నె తోముకుంది.

పంతులు వెళ్ళాక చూస్తే కాసులు అరుగుమీదే ఉన్నాయి. చెయ్యి తగలకుండా లోపలికి తేవడమెలా? "నోరుందిగా అన్నయ్యా!" అని గవరయ్య వంగి ఒక కాసు నోట కరిచాడు. "జాగ్రత్తరోయ్!" అని పోలయ్య అరిచాడు. "అలాగే" అనబోయాడు గవరయ్య. అంతే! కాసు గుటుక్కుమని లోపలికి పోయింది.

"పోన్లే, లోపలికేగా తేవాల్సింది," అని సర్దుకున్నాడు పోలయ్య. మిగతా రెండింటినీ అట్లకాడతో ఎత్తాడు.

ఇక గాలి. తలుపులేస్తే కిటికీలోంచి వస్తోంది. కిటికీ మూస్తే కప్పులోంచి వస్తోంది. చివరికి అచ్చమ్మే ఉపాయం చెప్పింది. "ఒరే, చింతకాయ పచ్చడి జాడీకి గాలి తగలకుండా మూతికి గుడ్డ చుట్టి వాసెన కడతాం కదరా!" ఇంకేముంది, కాసులు పచ్చడిలో కూరేశారు.

నాలుగు రోజులయ్యాక విప్పి చూస్తే కాసులు పెళ్ళికూతురి బిందెల్లా ధగధగా మెరిసిపోతున్నాయి! పాతదనం మచ్చుకైనా లేదు. గేదె పోలయ్య కళ్ళముందే వెనక్కి నడిచి వెళ్ళిపోతున్నట్టనిపించింది.

"అన్నయ్యా, కొత్తవి పాతవెలా అవుతాయి?"

"వాడితే అవుతాయిరా. మన చీపురు చూడు!"

అంతే, సంతకి పరిగెత్తారు. "బాబ్బాబూ, వీటిని కాస్త వాడి పెట్టండి" అని కనబడినవాణ్ణల్లా బతిమాలారు. ఒంటిమీసం రాజుని చూసి అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆఖరికి, బిందెలకి మాట్లు వేసేవాడొకడు అడిగాడు, "ఎలాగైనా వాడొచ్చా?"

"నీ ఇష్టం నాయనా, ఎంత వాడితే అంత పుణ్యం!"

వాడు రెండు కాసుల్నీ బాది పలచన చేసి, ఎవరిదో చిల్లు కాగుకి అతికించేశాడు. రాజావారికి ఉన్న ఆ ఒక్క మీసమూ పోయింది.

"పాతబడ్డాయా?" అనడిగాడు గవరయ్య.

"ఇంకా కాగు పొయ్యిమీద పెట్టలేదుగా. పెడితే నల్లబడతాయి," అన్నాడు పోలయ్య నిశ్చింతగా.

ఆదివారం పంతులు గేదెను తోలుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది, పొదుగు నిండుగా ఉంది. ఆ రెండు కాసుల గతీ విని ఆయన నెత్తి బాదుకున్నాడు. గేదె తాడు పట్టుకుని వెనక్కి తిరిగాడు. అచ్చమ్మ గిన్నె బోర్లించింది. అది చూసి పోలయ్యకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఆగండి పంతులుగారూ! మూడోది భద్రంగా ఉంది. చెయ్యి తగల్లేదు, గాలి తగల్లేదు, పచ్చడీ తగల్లేదు!"

"ఎక్కడుంది?"

పోలయ్య తమ్ముడి పొట్ట చూపించాడు.

ఇంకేముంది, గవరయ్యకి గ్లాసుడు ఆముదం పట్టించారు. పంతులు ఆ రాత్రి అరుగుమీదే పడుకున్నాడు. తెల్లారి గవరయ్య చెంబుచ్చుకుని పెరట్లోకి పరిగెత్తాడు. పంతులు కర్రపుల్ల పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు. అంత చదువుకున్న మనిషి ఆ పుల్లతో ఏం చేశాడో మనకెందుకు గానీ, కాసు దొరికింది. నూతి దగ్గర కడిగిందే కడిగి కళ్ళకద్దుకున్నాడు.

పోలయ్య గేదె చుట్టూ తిరిగి చూశాడు. అతనికేదో అనుమానం వచ్చింది. "పంతులుగారూ, ఒక్కటే తెచ్చారేం? ఇది మచ్చుకా?"

పంతులు చూపు కాసుమీదే ఉంది. "మచ్చేనయ్యా, అచ్చమైన మచ్చు!" అంటూ గేదెను రాటకి కట్టేసి, ఆనందంగా వెళ్ళిపోయాడు.

అంతే, పోలయ్యకి అంతా అర్థమైపోయింది. ఇన్ని తప్పులు చేశాక మళ్ళీ చేస్తాడా? పాలచెంబు పట్టుకుని వస్తున్న తమ్ముడి రెక్క పట్టుకుని ఆపేశాడు.

"చెయ్యి తగలనివ్వకు! మచ్చుని వాడకూడదు. మనకి నచ్చిందని కబురు పెడదాం, అసలువి మందలుమందలుగా వస్తాయి!"

గేదె పాలు చేపి, పొదుగు బరువెక్కి, "అంబా" అని అరిచింది. అచ్చమ్మ ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, దానికి ఎదురుగా చతికిలబడి లొట్టలేసింది.

"ఒరే పోలయ్యా, మచ్చు గేదే ఇంత బావుంటే, అసలు గేదె పెరుగు ఎంత బావుంటుందోరా!"