ఎర్ర రేణువులు ఏ గట్టున చేరాయి

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు పరాంకుశం గారికి లేదు. ముందు కళ్లజోడు తుడుచుకుంటారు. ఆ రోజు శిష్యురాలు హైమవతి అడిగినప్పుడు ఆ తుడవడం ఎంతకీ తెమల్లేదు.

ఆయన ప్రయోగశాలలో వెంట్రుకంత సన్నని కాలువలో నీళ్లు పారించి, కంటికి ఆనని మరమేకులాంటి రేణువులను వదులుతారు. కుడికి మెలి తిరిగినవాటికి ఎర్ర రంగు, ఎడమకి తిరిగినవాటికి పచ్చ రంగు. ఒకటి రెండోదానికి అద్దంలో నీడ. నిలవనీటిలో రెండూ కలిసే ఉంటాయి. పారించగానే ఎర్రవి ఒక గట్టుకు, పచ్చవి మరో గట్టుకు విడిపోతాయి.

"ఒకే బరువు, ఒకే కొలత. తేడా నీళ్లకెలా తెలుస్తుంది సార్?" అని అడిగింది హైమవతి.

ఆయన బీరువాలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టారు.

ఇరవయ్యేళ్ల కిందట ఆయన దగ్గర భార్గవశర్మ, ఏసుపాదం అని ఇద్దరుండేవారు. ఒకే మార్కులు, ఒకే పట్టుదల. ఆ ఏడు ఒక్కరికే పరిశోధన సీటు మిగిలింది. ఇద్దరూ ఇదే ప్రయోగం విడివిడిగా చేశారు. ఎర్రవి కుడిగట్టున చేరాయన్నాడు శర్మ. ఎడమగట్టునన్నాడు ఏసుపాదం. గురువుగారు శర్మ పుస్తకం అక్షరం వదలకుండా చదివారు. రెండో పుస్తకం అట్టమీద పేరు చదివి ఊరుకున్నారు.

"కుడి ఎడమలు తెలియనివాడికి పరిశోధన ఎందుకయ్యా?" అన్నారు అందరి ముందూ. అందరూ నవ్వారు. ఏసుపాదం ఆ వారమే పెట్టె సర్దుకున్నాడు.

ఏడాది తర్వాత మైక్రోస్కోపు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, కెమెరా ముందు అద్దం ఉందనీ, తెరమీద కుడి ఎడమవుతుందనీ చెప్పాడు. శర్మ తెర చూసి రాశాడు. అప్పుడు తెరిచారు గురువుగారు ఏసుపాదం పుస్తకం. మొదటి పుటలో మొదటి వాక్యం: 'తెరమీద బొమ్మ తిరగబడుతోంది, సరిచేసి రాస్తున్నాను.'

పుస్తకం పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టున నీళ్లలో ఉప్పు పరీక్షిస్తున్నాడు ఏసుపాదం. క్షమించమని అడిగితే అతను పుస్తకం ముట్టుకోనైనా లేదు.

"అది మీరు చదవాలని రాసింది సార్. నాకెందుకు?" అని మళ్లీ చెరువులోకి వంగాడు.

హైమవతి బల్లమీది ఆ పుస్తకం తెరిచి మొదటి పుట చూసింది. "మరి ఆ శర్మ గారు?" అంది.

"మన శాఖాధిపతి."

"నేనడిగింది నీళ్ల గురించి సార్..."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. "నీళ్లకేం తెలుసమ్మా! కాలువ తీసినవాణ్ణి నేను."